చెప్పుల కాపలా

యంత్రం మళ్ళీ మోగింది. మొదటిసారి మోగినప్పుడు తన కాలే అనుకుంది వెంకటదుర్గ. ఇన్నేళ్ళుగా ఎక్కడ ఏ గుమ్మం మోగినా అది పోలియోతో చచ్చుబడిన తన ఎడమ కాలికి కట్టుకున్న ఇనప కడ్డీల కాలిపర్ వల్లే మోగేది. కలెక్టరాఫీసులో మోగింది, విజయవాడ బట్టల షాపులో మోగింది, మేనల్లుడి పెళ్ళికి వెళితే హోటల్లోనూ మోగింది. ప్రతిచోటా కాపలా మనిషి కంగారుగా లేచేవాడు, తను చీర అంచు జానెడెత్తి కడ్డీలు చూపించేది, అతను సిగ్గుపడి తల తిప్పుకునేవాడు, తను దర్జాగా లోపలికి వెళ్ళిపోయేది. కానీ ఇవాళ, రాజమండ్రి విమానాశ్రయంలో, పొద్దున్న తొమ్మిది గంటలకి, కాలిని తెర వెనక తడిమి చూసి పొమ్మన్నారు. మోగింది కాలు కాదు, డ్రోను. చిన్న తెల్లటి గుడ్డముక్కతో దాని రెక్కలూ పొట్టా తుడిచి, ఆ ముక్కని బల్లమీదున్న పెట్టె నోట్లో పెట్టగానే పెట్టె ఎర్రబడి కూసింది. రెండో ముక్కకీ కూసింది. యూనిఫాం వేసుకున్న పిల్ల రెండడుగులు వెనక్కి జరిగి, పేలుడు మందు జాడ చూపిస్తోంది మేడమ్, మా ఇన్‌స్పెక్టర్ గారు రావాలి, అలా కూర్చోండి అంది.

పేలుడు మందట. వెంకటదుర్గకి నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే ఒళ్ళు మండింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే తనెందుకు భుజాలు తడుముకోవాలి? తడుముకోదు. కుర్చీలో కూర్చుని మోకాలి దగ్గర కాలిపర్ గడియ వదిలి కాలు మడుచుకుంది, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది, వీపు నిటారుగా ఉంచింది. ఎదురుగా ట్రేలో డ్రోను రెక్కలు ముడుచుకుని పడుంది, పావుకిలో కూడా తూగదు, అరచేతిలో పడుతుంది. పక్కన మూడు బ్యాటరీలు, బ్యాటరీలు పెద్ద పెట్టెలో వెయ్యకూడదు చేతిసంచీలోనే ఉండాలి అని చదివి చదివి నేర్చుకుని, చివర్లకి నిన్న తనే టేపు అంటించినవి. రిమోటు, విడి రెక్కల పొట్లం, ప్లాస్టిక్ కవర్లో అనుమతి కాగితం. ఆ కాగితానికి నాలుగు నెలలు పట్టింది. వియత్నాంలో టూరు చూసుకునే అమ్మాయికి తెలుగు రాదు, తనకి వాళ్ళ భాష రాదు, మధ్యలో ఫోను అనువాదం, ఒకసారి ఆ ఫోను తనని పైలట్‌ని చేసింది, ఇంకోసారి పక్షిని చేసింది, చివరికి ఎర్ర ముద్రతో కాగితం వచ్చింది: గురువారం ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా, ఫలానా రేవు దగ్గర, ఇంత ఎత్తు దాటకుండా. రెండంటే రెండు గంటలు. అక్కడ నది తొమ్మిది పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుందని పేరట. కొబ్బరితోటలూ వరిచేలూ రొయ్యల చెరువులూ అన్నీ మన వైపులాగే ఉంటాయట. మన గోదారివి ఏడు పాయలు, దానివి తొమ్మిది. ఏడు పాయల మనిషి ఆ తొమ్మిదింటినీ పైనుంచి చూడాలి. ఎందుకు చూడాలి అని ఎవరైనా అడిగితే చెప్పడానికేం లేదు. చూడాలి, అంతే.

అద్దం అవతల మిగతా పదకొండు మందీ కాఫీలు తాగుతున్నారు. అందరూ జిల్లాలో ఎరువుల కొట్లున్నవాళ్ళే, కంపెనీ పెట్టిన టార్గెట్టు దాటినందుకు కంపెనీ ఖర్చుతో విదేశం చూడబోతున్నవాళ్ళు, తను తప్ప అందరూ మగవాళ్ళు. కంపెనీ తరఫున వాళ్ళని నడిపించుకు వెళుతున్న ఏరియా మేనేజరు మురళీకృష్ణ గుండె చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ చివరికి తన దగ్గరికొచ్చి వంగాడు. "మేడమ్, బోర్డింగ్ తొమ్మిది నలభైకండి. ఇన్‌స్పెక్టర్ గారు ఎప్పుడొస్తారో తెలీదు. మిమ్మల్ని దింపిన డ్రైవరు బయటే ఉన్నాడన్నారుగా? ఫోన్ చెయ్యండి, ఇది అతనికిచ్చి పంపించేద్దాం. ఫొటోలంటారా, మా ఫోన్లు లేవూ? ఎన్ని కావాలంటే అన్ని తీస్తామండి."

"మీ ఫోన్లు ఎగురుతాయా మురళీగారూ?" అంది వెంకటదుర్గ. అతను నవ్వాలో వద్దో తెలియక వాచీ చూసుకున్నాడు.

అన్నది గానీ, ఫోను చేతిలోకి తీసుకుంది. డ్రైవరు ఏసుపాదం పేరు కనపడుతోంది, టీ తాగి వెళతానన్నాడు, ఒక్క నొక్కు నొక్కితే పరుగెత్తుకొస్తాడు, డ్రోను మళ్ళీ తణుకు వెళ్ళిపోతుంది, తను విమానం ఎక్కుతుంది, పదకొండు మంది వెనకాల ఒక జెండా పట్టుకున్న గైడు వెనకాల ఎక్కడెక్కడో తిరిగొస్తుంది. అదేం తక్కువా? తక్కువ కాదు. అత్తిలి రోడ్డులో ఎరువుల కొట్టు వెంకటదుర్గ వియత్నాం వెళ్ళొచ్చిందంటే ఊరు పది రోజులు చెప్పుకుంటుంది. వేలు ఏసుపాదం పేరు మీదే ఉంది, నొక్కలేదు. వేలి వంక చూసుకుంది. ఆ వేళ్ళ చివర్లు ఎంత అరిగిపోయాయంటే ఒక్కోసారి తన ఫోనే తనని గుర్తుపట్టదు. కాలు లేకపోతే ఏంటే, చేతులున్నాయిగా, అన్నాడు నాన్న, పదో తరగతి అయిన వేసవిలో. నాన్న గంగరాజు మంచివాడే, కానీ మంచితనంలోనూ ఆయనకి ఒక కొలత ఉండేది. తమ్ముణ్ణి కాలేజీకి పంపాడు, తనని కొట్లో కూర్చోబెట్టాడు, పెళ్ళి కాదు కదా అన్న మాట పైకి అనలేదు గానీ కుర్చీ వేసిన తీరులోనే ఉంది. ఆ కుర్చీలో తను వారం రోజులు కూడా కూర్చోలేదు. లేచి బస్తాల్లోకి వెళ్ళిపోయింది. హమాలీ చిట్టియ్య, తెల్ల తలపాగా, చెవిలో సగం చుట్ట, తనని చూసి అన్నాడు: "బస్తా మీద అచ్చేసింది కంపెనీవోడి మాటండి పాపగారూ. లోపలున్నదేంటో మీ చెయ్యి చెప్పాలండి."

అతనే నేర్పాడు. అరచేతిలో నాలుగు చుక్కలు నీళ్ళు పోసుకుని చిటికెడు యూరియా వేసి పిడికిలి బిగిస్తే చెయ్యి చల్లబడాలి, కుండలో నీళ్ళు ముట్టుకున్నట్టు. చల్లబడలేదంటే అందులో ఇంకేదో కలిసింది. డీఏపీ గింజ గోటితో గీకితే ఇలా ఉండాలి, పొటాష్ వేళ్ళ మధ్య నలిపితే అలా ఉండాలి. ముప్పై ఏళ్ళుగా తను చెయ్యి పెట్టి చూడందే ఒక్క బస్తా గుమ్మం దాటలేదు. ఒకసారి లారీకి లారీ వెనక్కి పంపింది. చెయ్యి చల్లబడలేదు, అంతే, దించనివ్వలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నాన్న తిట్టాడు, నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావే అన్నాడు, తను ఊరుకుందా, నాకున్నది ఒకటే నాన్నా, కుందేలుకి మూడుంటే చాలదా అంది, పాపం నాన్న కోపంలోనే నవ్వేశాడు, నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు రైతులు కొట్టు గుమ్మంలో నిలబడి రేటు అడగరు, దుర్గమ్మగారు చెయ్యి పెట్టి చూశారా అని అడుగుతారు. ఇవాళ కూడా అయిదింటికి, కారు గుమ్మంలో ఉండగా, ఏసుపాదం పెట్టెలు సర్దుతుండగా ఒకాయన వచ్చాడు. చేను పొట్ట మీదుందండి, పదమూడు-సున్నా-నలభై అయిదు ఎరువు కొట్టాలండి, మీరు ఊరెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తారోనని. కొత్త చీరతోనే కొట్టు తెరిచి, ప్యాకెట్టు చించి, అరచేతిలో వేసుకుని చూసి ఇచ్చింది. చల్లగా ఉంది, మంచి సరుకు.

అమ్మ అప్పుడే మొదలుపెట్టింది, గుమ్మంలో నిలబడి. అమ్మ పేరు రత్నమాణిక్యం, డెబ్భై ఎనిమిదేళ్ళు, నోరు మాత్రం ఇంకా ముప్పైల్లోనే ఉంది. "వెళ్ళేదానివి వెళ్ళక ఆ గద్దని కూడా ఎందుకే చంకనెట్టుకుని? ఈ వయసులో నీకిదేం సరదా?" సరదా. ఆ మాట ఆ ఇంట్లో తమ్ముడిదే. తమ్ముడు సైకిలు మీద రేవుకి వెళితే సరదా, సినిమా చూసి అర్ధరాత్రి వస్తే సరదా, పేకాడితే మగపిల్లాడు సరదా పడ్డాడు. తనవన్నీ కాలక్షేపాలు. ఊలు అల్లితే కాలక్షేపం, రేడియో వింటే కాలక్షేపం; కాలాన్ని ఎలాగోలా గెంటెయ్యాలి పాపం, కాలు లేని పిల్ల. మూడేళ్ళ కిందట డ్రోను కొన్నప్పుడు, అందుకే కాబోలు, తనూ అబద్ధం ఆడింది. పొలాలు చూడ్డానికండి, గట్ల మీద నడవలేను కదా, చేనుకి తెగులు ఎక్కడ పట్టిందో పైనుంచి చూసి చెబుతానండి అంది. అందరూ తలలూపారు, పనికొచ్చేదే అన్నారు. చూసింది కూడా, నాలుగైదు చేలు. కానీ అసలు సంగతి అది కాదు. అసలు సంగతి మొదటి సాయంత్రం కొట్టు డాబా మీద. రెక్కలు గిర్రున తిరిగి అది లేచింది, తన గుండె దాని వెనకాల లేచింది. ఫోను తెర మీద ముందు డాబా, తర్వాత అత్తిలి రోడ్డు, తర్వాత గోస్తని కాలువ, చక్కెర ఫ్యాక్టరీ గొట్టం, చెరుకు తోటలు, వరిచేలు, వాటి మధ్య కాలువలు, పిల్ల కాలువలు, వాటిలో సాయంకాలపు ఎండ. పుట్టిన ఊరు. పుట్టిన దగ్గర్నుంచీ రిక్షాలోంచీ కార్లోంచీ చూసిన ఊరు. ఇంత ఉందా, ఇంత ఉండి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదా అనుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది, ఏడుస్తూనే రిమోటు మీది రెండు పుల్లలూ గట్టిగా పట్టుకుంది, ఎందుకంటే కొత్తది, పడిపోతే మళ్ళీ కొనలేదు.

ఆ తర్వాత కెమెరాని కిందికి తిప్పి తనని చూసుకుంది. డాబా మీద ఒక తల, పక్కన ఒక నీడ. అంత ఎత్తునుంచి ఎవరికి ఎన్ని కాళ్ళో తెలీదు. రోడ్డు మీద పోయేవాళ్ళూ తనూ ఒకటే, ఆవగింజలు. వేరే ఎవరైనా అయితే అక్కడ ఆగి సంతోషపడేవారేమో. వెంకటదుర్గకి అది నచ్చలేదు. దాచుకోవడానికా ఇంత ఖర్చుపెట్టి కొన్నది? మెల్లగా దించింది, దించింది, చీర అంచు కింద కాలిపర్ కడ్డీ ఎండకి తళుక్కుమనే దాకా దించింది. ఆఁ, అదీ, ఇప్పుడు నేను, అంది పైకే. ఆ వీడియో ముక్క ఇప్పటికీ ఫోనులో ఉంది.

"చెల్లెమ్మా." అచ్చిబాబు. భీమవరం రోడ్డులో పెద్ద కొట్టు, డీలర్ల సంఘానికి అధ్యక్షుడు, మెళ్ళో పులిగోరు, అద్దం పక్కనుంచి తల పెట్టాడు. "ఆ ఇన్‌స్పెక్టరొచ్చి అడిగితే వ్యవసాయానికని చెప్పు. పొలాలకి మందులు కొట్టే డ్రోను కూడా ఉంటది కదా, ఆ బాపతే అని చెప్పు. పని అంటే వదిలేస్తారు. అసలు నేను అప్పుడే చెప్పాను, నీకెందుకమ్మా ఈ తిరుగుళ్ళు అని." చెప్పాడు, నిజమే. టూరు ఖరారైన రోజున సంఘం మీటింగులో అచ్చిబాబే లేచి, ఆడమనిషి ఒక్కత్తీ మన మధ్యన ఏం ఇబ్బంది పడుతుందండీ, ఆవిడకి టూరు బదులు కంపెనీవారు బంగారు కాసిస్తే గౌరవంగా ఉంటుంది అన్నాడు. చప్పట్లు కొట్టారు. వాళ్ళ ఇబ్బంది తనకి తెలియదా? పోయినేడు బ్యాంకాక్ వెళ్ళొచ్చి వీళ్ళు ఒక్క గుడి పేరు చెప్పలేకపోయారు. సీసాలు తాగడానికి యానాం చాలదా, దానికి విమానం కావాలా? కాసు మెళ్ళో వేసుకుంటే ఎగరలేనండి అచ్చిబాబుగారూ, నేను టూరుకే వస్తాను అంది తను. అప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇప్పుడు వ్యవసాయానికని చెప్పాలట. తొమ్మిదీ ఇరవై. ఇన్‌స్పెక్టర్ ఇంకా రాలేదు. పెట్టె అవతల వరస కదులుతోంది, బెల్టులు విప్పుతున్నారు, తొడుక్కుంటున్నారు, కొంతమంది బూట్లు విప్పి ట్రేలో పెడుతున్నారు. బూట్లు చూస్తూ ఉంది వెంకటదుర్గ. జతలు జతలు. నలభై జతలు. అయిదో తరగతి, స్కూలు వాళ్ళు అన్నవరం తీసుకెళ్ళారు, బస్సులో కిటికీ పక్క సీటు తనదే, దారంతా పాటలే, తుని వైపు కొండలు కనపడగానే అందరికంటే ముందు అరిచింది తనే. రత్నగిరి కింద దిగాక టీచరుగారు మెట్ల వంక చూశారు, తన కాలి వంక చూశారు. ఎంతో ముద్దుగా గడ్డం పట్టుకుని, నువ్వు బంగారుతల్లివి కదూ, ఇక్కడ కూర్చుని అందరి చెప్పులూ చూస్తూ ఉండు, ఎవరూ ఎత్తుకుపోకుండా అన్నారు. నలభై జతలు. తను నిజంగానే కాపలా కాసింది, అదీ సిగ్గు. ఒక కుక్క వస్తే కర్రతో అదిలించింది, విడిపోయిన జతల్ని కలిపింది, గంటన్నర మెట్ల వంకే చూస్తూ కూర్చుంది. వాళ్ళు దిగొచ్చారు, చెమటలు పట్టి, కేకలు వేస్తూ, పైనుంచి ఊళ్ళు ఎంత చిన్నగా కనపడ్డాయో చెప్పుకుంటూ. తనకి ఆకులో ప్రసాదం తెచ్చారు. వేడిగా ఉంది. నెయ్యి కారుతోంది. అంత రుచైన ప్రసాదాన్ని తను మింగలేకపోయింది, అప్పుడు దేవుడి మీద కోపమనుకుంది, పాపం తగులుతుందని భయపడింది. దేవుడి మీద కాదు. ఆ ముద్దు మీద. గడ్డం పట్టుకుని చెప్పిన ఆ ముద్దు మాట మీద. మీరు హాయిగా రండి మేడమ్, ఫొటోలు మేం తీస్తాం.

ఫోను సంచీలో పడేసింది. మురళీకృష్ణని చేత్తో పిలిచింది. "ఏసుపాదం వెళ్ళిపోయుంటాడండి. ఉన్నా నేను పిలవను. ఇది వస్తేనే నేను వస్తాను. ఇది రాకపోతే మీరంతా ఎక్కెయ్యండి, నా గురించి ఆగొద్దు." అతను తెల్లబోయాడు. "మేడమ్, టికెట్టు పోద్దండి." "పోనివ్వండి." పోనివ్వండి అంది గానీ పోయేది తక్కువేం కాదు, నాలుగు నెలల కాగితం, తొమ్మిది పాయలు, జీవితంలో ఒక్క గురువారం. కానీ అన్న మాట అన్నదే. చెప్పులకి కాపలా మనిషి ఇంక దొరకదు, వేరేవాళ్ళని చూసుకోండి.

అప్పుడు తట్టింది. డ్రోను ఇంట్లో పెట్టనివ్వలేదు అమ్మ, అది అరుస్తుంటే గద్ద వాలినట్టుంటుందని. అందుకని కొట్లో పెట్టింది. కొట్లో ఎక్కడ? మన వైపు గాలిలో తేమకి అప్పడాలు కూడా మెత్తబడతాయి, కెమెరా బూజు పడుతుందేమోనని కొట్టంతటికీ పొడిగా ఉండే చోటు చూసి పెట్టింది. చెమ్మ తగిలితే గడ్డకట్టే ప్యాకెట్లు పెట్టే పై అర. పదమూడు-సున్నా-నలభై అయిదు అర. పొటాషియం నైట్రేట్. మూడేళ్ళుగా ఆ పొడిలో పడుకుని లేస్తోంది ఈ వెర్రిది! ఎరువుల కొట్టు మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యరు ఈ తెలివితక్కువ పని. నైట్రేటంటే ఆ పెట్టెకి మందుగుండే. వెంకటదుర్గ పైకే నవ్వింది, యూనిఫాం పిల్ల అనుమానంగా చూసింది.

తొమ్మిదిన్నరకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ఆడమనిషే, పొడుగ్గా ఉంది, ఉత్తరాది యాస, తెలుగుమాటలు ఏరుకుని ఏరుకుని మాట్లాడుతోంది. ఇది ఎవరిది అంది. నాదండి అంది వెంకటదుర్గ, కాలిపర్ గడియ టక్కున వేసి లేచి నిలబడి. "ఇందులో నేనేం పెట్టలేదండి. మా ఎరువుల కొట్లో మూడేళ్ళు నైట్రేటు అర మీద పెట్టాను, ఆ పొడి అంటుకుంది. మీ పెట్టె కూసింది దానికేనండి." ఇన్‌స్పెక్టర్ డ్రోను వంక చూసింది, కాగితం చదివింది, గాజు అవతల గుంపుని చూసింది. "వాళ్ళు కూడా ఎరువుల దుకాణమేనా?" అవునన్నాడు మురళీకృష్ణ, ఉత్సాహంగా. "అయితే ఒకరిని పిలవండి."

అచ్చిబాబు వచ్చాడు, చేతులు చాపాడు. కొత్త గుడ్డముక్కతో రెండు అరచేతులూ తుడిచారు, ఉంగరాల సందుల్లో కూడా. పెట్టె నోట్లో పెట్టారు. పెట్టె మాట్లాడలేదు. పచ్చగా వెలిగి ఊరుకుంది. "మోగలేదు," అంది ఇన్‌స్పెక్టర్, వెంకటదుర్గ ముఖంలోకి చూస్తూ. "ఈయనా ఎరువులే. మోగలేదు."

ఉన్న ఒక్క నిజమూ అబద్ధమైపోయింది. మురళీకృష్ణ నేల చూపులు చూస్తున్నాడు, అచ్చిబాబు తన తెల్లటి, మెత్తటి, గంధం రాసినట్టున్న చేతుల్ని వెనక్కి తీసుకుంటున్నాడు. ఆ చేతులు. వెంకటదుర్గ ఆ చేతుల్ని చూసింది, తన చేతుల్ని చూసుకుంది.

"నావి తుడవండి," అంది.

తుడిచారు. గుడ్డ ఇంకా పూర్తిగా లోపలికి వెళ్ళనేలేదు, పెట్టె ఎర్రగా మండిపడి కూసిన కూతకి వరసలో ఎవరి చంకలోనో చంటిపిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఆయనకెందుకు మోగలేదో చెప్పనాండి? అచ్చిబాబుగారు ముప్పై ఏళ్ళుగా ఎరువులమ్ముతున్నారండి, ఒక్కనాడు ఎరువు ముట్టుకోలేదు. మోసేది హమాలీ, తూచేది గుమస్తా. మా కొట్లో నేను చెయ్యి పెట్టి చూస్తేనే సరుకు గుమ్మం దాటుతుందండి. పొద్దున్న అయిదింటికి కూడా చూసొచ్చాను. ఈ చేతులు మోగకపోతేనే మీరు నన్ను అనుమానించాలండి."

అచ్చిబాబు ముఖం కందగడ్డలా అయిపోయింది. ఇన్‌స్పెక్టర్‌కి ఎన్ని మాటలు అర్థమయ్యాయో తెలీదు గానీ, ఆ చేతుల్ని తన చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది, అరిగిన వేళ్ళు, గోళ్ళ అంచుల్లో తెల్లటి పొడి. చూసి, సంచీ అంతా విప్పించింది. బ్యాటరీలు ఒక్కొక్కటీ, రెక్కల పొట్లం, రిమోటు, అన్నీ మళ్ళీ స్కానర్లోకి పంపింది, ఒకటికి రెండుసార్లు, తెర దగ్గర తనే నిలబడి చూసింది. డ్రోనుని తడిగుడ్డతో తుడిపించింది. ఆన్ చెయ్యమంది. రెక్కలు తీసేసి ఆన్ చేసింది వెంకటదుర్గ. అది కెమెరా తల అటూ ఇటూ తిప్పి, నిద్ర లేచిన పిల్లలా అందర్నీ చూసింది. రిజిస్టర్లో ఏదో రాస్తూ ఇన్‌స్పెక్టర్ అడిగింది: "దేని కోసం తీసుకెళ్తున్నారు? వ్యవసాయమా?"

ఇన్‌స్పెక్టర్ వెనక నిలబడి మురళీకృష్ణ తల ఆడిస్తున్నాడు, అవుననండి మేడమ్, అవుననండి. మూడేళ్ళ నుంచి నోటికి అలవాటైన అబద్ధమే, నాలుక మీద రెడీగా ఉంది. పనికొచ్చేదే అంటే లోకం వదిలేస్తుంది. కాలు లేనిది పని చేస్తే మెచ్చుకుంటారు, మందు చల్లితే మెచ్చుకుంటారు, చెప్పులు కాపలా కాస్తే బంగారుతల్లి అంటారు.

"కాదండి. సరదాకి."

కలం ఆగింది. "సరదా అంటే?"

అంటే ఏం చెప్పాలి? అత్తిలి రోడ్డు పైనుంచి చూసి ఏడ్చిన సాయంత్రాన్ని ఏ భాషలో చెప్పాలి? "ఊరికేనండి," అంది వెంకటదుర్గ. "నా కోసం." ఇన్‌స్పెక్టర్ ఆ గడిలో ఏదో రాసి, సంతకం పెట్టి, ట్రే ముందుకు తోసింది.

తొమ్మిదీ యాభై రెండు. ఆఖరి పిలుపు పిలిచేశారు. మిగతా పదిమందీ ఎక్కేశారు, తన కోసం అచ్చిబాబూ మురళీకృష్ణా ఉండిపోయారు, పాపం ఉండక తప్పలేదు. అద్దం తలుపు తీయగానే ఎండ ముఖాన కొట్టింది, ఎండలో విమానం, విమానానికి మెట్లు. కుర్చీలో ఎత్తి పైకి పంపే బండి ఉంది మేడమ్, రెండు నిమిషాలు అన్నాడు ఎవరో. అక్కర్లేదంది. డ్రోను సంచీ అందుకోబోయాడు మురళీకృష్ణ. అదీ అక్కర్లేదంది, భుజానికి అడ్డంగా తగిలించుకుంది, కుడి చేత్తో రెయిలింగు పట్టుకుంది. ముందు కుడికాలు, దాని పక్కన ఎడమది, ఇనుముకి ఇనుము తగిలి టంగుమంది. ఒక మెట్టు. టంగుమంది. రెండు మెట్లు. తొందరేం లేదు. వెనకాల ఇద్దరు మగవాళ్ళు ఆగి నిలబడ్డారు, ముందుకు వెళ్ళడానికి దారి లేదు, కింద ఎండలో నిలబడి ఎవరో ఒకరు ఎక్కుతుంటే చూడ్డం ఎలా ఉంటుందో వాళ్ళకీ తెలియాలి కదా. మూడు మెట్లు. ఇక్కణ్ణుంచి రన్‌వే అవతల జీడిమామిడి తోటలు కనపడుతున్నాయి.

"చెల్లెమ్మా," అన్నాడు కిందనుంచి అచ్చిబాబు, గొంతు తగ్గించి, జేబులోంచి చిన్న శానిటైజర్ సీసా తీసి అందిస్తూ. "హైదరాబాదులో ఇంకో చెకింగుంది. ఆ చేతులు శుభ్రంగా రుద్ది కడుక్కోమ్మా. అక్కడ కూడా మోగితే అందరి పరువూ పోద్ది."

వెంకటదుర్గ నాలుగో మెట్టు ఎక్కింది. అరచేతిలో, పొద్దున్న అయిదింటి చల్లదనం ఇంకా అక్కడే ఉన్నట్టుంది. వెనక్కి తిరగలేదు.

"మోగనివ్వండి," అంది.